కీమోటాక్సిస్ ఎంజైమ్ కీ-బి: స్ట్రక్చర్ సరిగ్గా చదివి, దాని పనిని ప్లేట్ మీద పరీక్షించడం ఎలా

బ్యాక్టీరియా కీమోటాక్సిస్ మీద, అంటే రసాయనాల జాడ పట్టుకుని బ్యాక్టీరియా ఈదడం మీద, ప్రాజెక్ట్ తీసుకున్న పిల్లలు ప్రతి ఏడూ నన్ను ఒకటే అడుగుతున్నారండి, సార్ కీ-బి స్ట్రక్చర్ డౌన్‌లోడ్ చేశాం, రంగులు కూడా వేశాం, ఇప్పుడు దీన్ని చూసి ఏం రాయాలి అని. అమలాపురం నుంచి అడుగుతారు, భీమవరం నుంచి అడుగుతారు, తణుకు నుంచి ఫోన్ చేస్తారు, అందరిదీ ఇదే ఇబ్బంది. కీ-బి అంటే ఆ ఈతని సర్దే ఎంజైమ్‌లలో ఒకటి, స్ట్రక్చర్ అంటే దాని త్రీడీ బొమ్మ. బొమ్మ దిగుతుంది గానీ బొమ్మని ఏం అడగాలో తెలీదు. అందుకే ఈసారి మొత్తం వరసగా రాస్తున్నా, కంప్యూటర్ ముందు కూర్చోవడం దగ్గర్నుంచి ప్లేట్ పారేసే దాకా.

ఒక మాట ముందే చెప్పేస్తా. మీరు డౌన్‌లోడ్ చేసిన కీ-బి బొమ్మ పని చేస్తున్న ఎంజైమ్‌ది కాదు, తలుపు మూసుకుని కూర్చున్న ఎంజైమ్‌ది. ఇది గమనించకుండా రాసిన రిపోర్టులే ఎక్కువ చూశాను, దాంతో మిగతా లెక్కంతా తలకిందులైపోతుంది.

1. కంప్యూటర్ తెరవకముందు కాగితం మీద దారి గీయండి

ఒక తెల్ల కాగితం మీద ఈ పేర్లు రాయండి: రిసెప్టర్, కీ-ఎ, కీ-వై, కీ-జెడ్, కీ-ఆర్, కీ-బి, చివర్న ఫ్లాజెల్లా మోటార్. రిసెప్టర్ బయటి రసాయనాన్ని పసిగట్టే ప్రోటీన్, ఫ్లాజెల్లా కణం ఈదడానికి తిప్పే తోకలు, మధ్యలో కీ- పేర్లన్నీ కబురు నడిపే ప్రోటీన్లు. ఇప్పుడు బాణాలు.

ఈ.కోలైలో కీ-ఎ అనే కైనేజ్, అంటే ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్, ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసుకుని తన 48వ స్థానంలో ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం మీద పెట్టుకుంటుంది. అక్కడి నుంచి ఆ ఫాస్ఫేట్ రెండు చోట్లకి వెళ్తుంది. ఒకటి కీ-వై 57వ ఆస్పార్టేట్ మీదకి, రెండోది కీ-బి 56వ ఆస్పార్టేట్ మీదకి. ఫాస్ఫేట్ ఎక్కిన కీ-వై మోటార్ దగ్గర ఫ్లి-ఎమ్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటే మోటార్ గడియారం దిశలో తిరుగుతుంది, కణం పల్టీలు కొడుతుంది. ఎదురు దిశలో తిరిగితే నేరుగా ఈదుతుంది. కీ-జెడ్ పని కీ-వై మీది ఫాస్ఫేట్ ఊడదీయడం.

మిగిలింది రిసెప్టర్ మీద మిథైల్ లెక్క. కీ-ఆర్ మిథైల్ గ్రూపులు అతికిస్తుంది, కీ-బి తీసేస్తుంది. మిథైల్ పెరిగితే కీ-ఎ పని పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

దీన్ని మన కాలవతో పోల్చి చెప్తే పిల్లలకి వెంటనే ఎక్కుతుందండి. లాకుల దగ్గర షట్టర్‌ని ఒకడు మెల్లగా, ఆగకుండా, ఒకే స్పీడులో ఎత్తుతూ ఉన్నాడనుకోండి, వాడు కీ-ఆర్. నీళ్లు ఎక్కువ వస్తున్నాయని కబురు అందితేనే లేచి షట్టర్ దించే లస్కరు కీ-బి. ఆ కబురు ఫాస్ఫేట్. నీళ్లు తగ్గితే లస్కరుకి కబురు రాదు, ఎత్తేవాడు ఎత్తుతూనే ఉంటాడు, మళ్లీ పాత మట్టానికి వస్తుంది. ఆస్పార్టేట్ లాంటి ఇష్టమైన పదార్థం తగిలినప్పుడు జరిగేది ఇదే, ముందు కీ-ఎ పడిపోతుంది, పల్టీలు తగ్గుతాయి, తర్వాత మిథైల్ మెల్లగా పేరుకుని కణం మామూలు స్థితికి వస్తుంది. దీన్నే అడాప్టేషన్ అంటున్నాం.

ఈ కాగితం గోడకి అంటించుకోండి. ఇక్కడి నుంచి ప్రతి స్టెప్‌లో దానివైపు చూడాల్సి వస్తుంది.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

కంప్యూటర్ పనికి:
- ప్రోటీన్ బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్, పైమాల్ గానీ కైమెరా-ఎక్స్ గానీ, ఏదో ఒకటే. రెండూ కలిపి నేర్చుకోవద్దు. సిస్టమ్ పాతదైతే ప్రోటీన్ డేటా బ్యాంక్ సైట్‌లో ఉండే వ్యూయర్ చాలు.
- ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి రెండు ఫైళ్లు: 1ఎ2ఓ, 1సీహెచ్‌డీ. మొదటి దాంట్లో చివరిది సున్నా కాదు, ఓ అక్షరం. సున్నా కొడితే మీకు కావాల్సింది రాదు.
- కొలతలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్.

ప్లేట్ పనికి:
- ట్రిప్టోన్, ఉప్పు అంటే సోడియం క్లోరైడ్, మైక్రోబయాలజీ గ్రేడ్ అగార్
- 30 డిగ్రీలు నిలబెట్టే బీఓడీ ఇంక్యుబేటర్, అంటే చల్లబరచగలిగేది కూడా
- 90 మి.మీ. ప్లేట్లు, స్టెరైల్ చేసిన టూత్‌పిక్‌లు లేదా మైక్రోపిపెట్
- స్కేలు, నల్ల కాగితం, ఫోన్ కెమెరా
- డిస్టిల్డ్ వాటర్. తీరం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో మీడియా చేస్తే మీరు వేసిన ఉప్పు ఎంతో మీకే తెలీకుండా పోతుంది.

కిరాణా కొట్లో దొరికే చైనా గడ్డి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. మామూలు ప్లేట్‌కి ఎలాగో సర్దుకోవచ్చేమో గానీ ఇక్కడ వద్దండి, అగార్ శాతంలో చిన్న తేడా వచ్చినా బ్యాక్టీరియా ఈదుకుంటూ పరుచుకునే రింగ్ సైజు మారిపోయే ప్రయోగం ఇది.

3. పూర్తి కీ-బిని తెరిచి మూడు రంగులు వేయండి

1ఎ2ఓ అనేది సాల్మొనెల్లా కీ-బి మొత్తం, 1998లో వచ్చింది, రిజల్యూషన్, అంటే బొమ్మ ఎంత వివరంగా ఉందనే కొలత, 2.4 ఆంగ్‌స్ట్రామ్. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటర్లో వెయ్యి కోట్ల వంతు, రిజల్యూషన్ అంకె తగ్గేకొద్దీ బొమ్మ స్పష్టం. సాల్మొనెల్లాది అయినా ఈ.కోలై కీ-బికి చాలా దగ్గర పోలిక, రెండూ 349 అమైనో ఆమ్లాలే. కానీ రిపోర్ట్‌లో ఇది సాల్మొనెల్లా ప్రోటీన్ అని తప్పకుండా రాయండి, ఈ.కోలై అని రాసేయకండి.

వరస ఇది:

1. ఫైల్ తెరవగానే ఒకే ప్రోటీన్ కాపీలు ఒకటికి మించి కనిపిస్తే ఒక చైన్ ఉంచి మిగతావి దాచేయండి. రెండూ కలిసి పనిచేసే జంట అనుకోకండి, క్రిస్టల్‌లో అలా పక్కపక్కన సర్దుకున్నాయి అంతే.
2. నీటి అణువులు దాచేయండి.
3. 1 నుంచి 134 వరకు పసుపు. ఇది రెగ్యులేటరీ డొమైన్, అంటే అదుపు చేసే ముక్క, కీ-వై ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.
4. 135 నుంచి 146 వరకు బూడిద. ఇది రెండిటినీ కలిపే లింకర్.
5. 147 నుంచి 349 వరకు ఆకుపచ్చ. పని చేసే చెయ్యి ఇదే, మిథైల్ ఎస్టరేజ్ డొమైన్.

ఇక్కడ ఆగి ఒక పది నిమిషాలు ఊరికే తిప్పి చూడండి. పసుపు ముక్క ఆకుపచ్చ ముక్కకి ఎక్కడ ఆనుకుందో పెన్సిల్‌తో చేతి బొమ్మ గీయండి. స్క్రీన్‌షాట్ తీస్తే చూసినట్టు కాదు, గీస్తేనే కన్ను ఆగుతుంది. నేను ప్రతి బ్యాచ్‌తోనూ ఇది గీయిస్తాను, గీసినవాళ్లు వైవాలో తడబడటం నేను చూడలేదు.

4. పని చేసే మూడింటిని పట్టుకోండి

164 సెరీన్, 190 హిస్టిడిన్, 286 ఆస్పార్టేట్. వీటిని సెలెక్ట్ చేసి కర్రపుల్లల్లా కనిపించే స్టిక్స్ రూపంలోకి మార్చండి. వరసలో చూస్తే ఒకదానికొకటి ఎంతెంత దూరమో చూశారుగా, మడత పడ్డాక మాత్రం ఒకే మూలలో చేరి కూర్చున్నాయి. ప్రోటీన్ మడత ఎందుకు అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు కొలవండి. సెరీన్ ఆక్సిజన్ నుంచి హిస్టిడిన్ రింగ్‌లో దగ్గరగా ఉన్న నైట్రోజన్‌కి ఎంత, రింగ్‌లో రెండో నైట్రోజన్ నుంచి ఆస్పార్టేట్ ఆక్సిజన్‌కి ఎంత. హైడ్రోజన్ బంధం అంటే దాదాపు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల ఉండాలి. మీకు ఎంత వస్తే అంతే రాయండి, పుస్తకంలో ఉన్న అంకె కోసం సర్దొద్దు. ఇదే కొలతని 1సీహెచ్‌డీలో కూడా తీయండి. అది పని చేసే డొమైన్ ఒక్కటే ఉన్న స్ట్రక్చర్, 1995లో వచ్చింది, రిజల్యూషన్ 1.75, అంటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెండిట్లో తేడా ఎంత అనేది మీ రిపోర్ట్‌లో మంచి టేబుల్ అవుతుంది.

ఈ మూడు చేసే పని ఏంటంటే రిసెప్టర్ గ్లుటామేట్ మీద ఉన్న మిథైల్ ఎస్టర్‌ని నీటితో తెంచడం, మెథనాల్ బయటికి పోతుంది, గ్లుటామేట్ మిగుల్తుంది. కీ-బికి రెండో పని కూడా ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆస్పార్టేట్‌ని పసిగట్టే టార్ రిసెప్టర్ కొత్తగా తయారైనప్పుడు 295, 302, 309, 491 స్థానాల్లో వరసగా గ్లుటమిన్, గ్లుటామేట్, గ్లుటమిన్, గ్లుటామేట్ ఉంటాయి. ఆ రెండు గ్లుటమిన్లని గ్లుటామేట్‌గా మార్చేది కూడా కీ-బియే. ఆ మార్పు జరిగాకే అక్కడ మిథైల్ ఎక్కడానికి చోటు వస్తుంది. ఎస్టరేజ్ ఒక్కటే రాసి డీఅమిడేజ్ అనే ఈ రెండో పని వదిలేస్తే సగం జవాబే రాసినట్టు.

5. తలుపు ఎక్కడుందో చూడండి, అసలు విషయం ఇదే

పసుపు డొమైన్‌ని కాసేపు దాచేయండి. ఆకుపచ్చ దాన్ని సర్ఫేస్ రూపంలో పెట్టి 164 సెరీన్‌కి ఎర్ర రంగు వేయండి. ఆ ఎరుపు బయటికి ఎంత కనిపిస్తుందో చూసి ఫోటో తీసుకోండి. ఇప్పుడు బొమ్మని అసలు కదపకుండా పసుపు డొమైన్‌ని కూడా సర్ఫేస్‌లో తిరిగి తీసుకురండి.

యాక్టివ్ సైట్ దగ్గరికి వెళ్లే దారికి పసుపు డొమైన్ అడ్డంగా ఒరిగి ఉంటుంది. రిసెప్టర్ అంటే పొడుగాటి హెలిక్స్‌ల కట్ట, అది లోపలికి వచ్చి ఆ సెరీన్ దగ్గర ఆనాలంటే చోటు లేదు. ఫాస్ఫేట్ లేని కీ-బి ఇలా ఉంటుంది.

56వ ఆస్పార్టేట్ మీద ఫాస్ఫేట్ ఎక్కితే రెగ్యులేటరీ డొమైన్ ఆకారం మారి ఆ ఆనిక సడలుతుంది, ఎంజైమ్ పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ ఫాస్ఫేట్ సెకన్లలోనే ఊడిపోతుంది కాబట్టి తెరిచిన తలుపుని అలా పట్టి చూడటం తేలిక కాదు. తలుపు సంగతి నిజమేనా అంటే ఒక పాత రుజువు ఉంది, రెగ్యులేటరీ డొమైన్ కోసేసి పని చేసే డొమైన్ ఒక్కటే ఉంచినా, ఫాస్ఫేట్ లేని పూర్తి కీ-బి కన్నా అది ఎక్కువ పని చేస్తుంది. అంటే తలుపు పీకేస్తే గది తెరిచినట్టే. అయితే తలుపు తీయడంతోనే కథ అయిపోదండి, ఫాస్ఫేట్ ఎక్కిన డొమైన్ పనిని ముందుకు తోస్తుంది కూడా.

56 నుంచి 164కి దూరం కూడా కొలిచి రాయండి. ఫాస్ఫేట్ నేరుగా వెళ్లి సెరీన్‌ని ముట్టుకుంటుందని రాసిన రిపోర్టులు నా దగ్గరికి చాలా వచ్చాయి, ఈ ఒక్క కొలత తీసుంటే ఆ మాట రాసేవాళ్లు కాదు.

ఇక్కడికి కంప్యూటర్ పని అయింది. చెక్ చేసుకోండి:
- చేతి బొమ్మ గీశానా
- మూడు అమైనో ఆమ్లాల దూరాలు రెండు ఫైళ్లలో కొలిచానా
- తలుపు ఉన్న ఫోటో, లేని ఫోటో ఒకే కోణంలో ఉన్నాయా
- 56 నుంచి 164కి దూరం రాశానా
- జీవి పేరు, రిజల్యూషన్ రాశానా

6. ప్లేట్ మీద ఏం కనిపించాలో ముందే రాసిపెట్టండి

ఒకటో స్టెప్ కాగితం తీయండి. కీ-బి లేకపోతే ఏమవుతుంది? దించే లస్కరు లేడు, ఎత్తేవాడు ఎత్తుతూనే ఉన్నాడు. మిథైల్ పేరుకుపోతుంది, కీ-ఎ ఆగకుండా నడుస్తుంది, కీ-వై మీద ఫాస్ఫేట్ నిండిపోతుంది, కణం ఊరికే పల్టీలు కొడుతూ ఉంటుంది. కీ-ఆర్ లేకపోతే దీనికి సరిగ్గా ఎదురు, నేరుగా ఈదుతూ పోతుంది.

ఈ అంచనాని తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసి, ఆ తర్వాతే ప్లేట్ పోయండి.

7. స్విమ్ ప్లేట్ పోయడం

స్విమ్ ప్లేట్ అంటే బ్యాక్టీరియా లోపల ఈదగలిగేంత మెత్తని అగార్ ప్లేట్. 250 మి.లీ.కి ట్రిప్టోన్ 2.5 గ్రా., సోడియం క్లోరైడ్ 1.25 గ్రా., అగార్ 0.65 నుంచి 0.7 గ్రా. అంటే అగార్ 0.26 నుంచి 0.28 శాతం. మామూలు ప్లేట్‌లో 1.5 శాతం వేస్తాం కాబట్టి చేతి అలవాటున ఎక్కువ పడిపోతుంది, అగార్ తూచేటప్పుడు పక్కన ఒకరిని ఉంచుకుని అంకె చదివించండి. గ్లూకోజ్ వేయకండి, గ్లూకోజ్ ఉంటే ఈ.కోలై ఫ్లాజెల్లా తయారు చేయడం తగ్గించేస్తుంది.

ఆటోక్లేవ్ అయ్యాక 50 డిగ్రీలకి రానిచ్చి ప్లేట్‌కి 25 మి.లీ. చొప్పున, కచ్చితంగా కొలిచి పోయండి. బల్ల సమంగా ఉండాలి. గట్టిపడ్డాక ప్లేట్‌ని కాస్త కదిపితే లేత బొండంలో కొబ్బరి వణికినట్టు వణకాలి, జారిపోకూడదు. ఒకటి రెండు గంటలు మూత పెట్టి కదపకుండా వదిలేయండి.

ఈ ప్లేట్‌ని ఎప్పుడూ బోర్లించకండి. మామూలుగా బోర్లించి పెట్టడం మనకి నేర్పిస్తారు కదా, ఆ అలవాటే ఇక్కడ ముంచుతుంది, అగార్ మూతలోకి జారిపడుతుంది.

స్ట్రెయిన్‌ని, అంటే మీరు పరీక్షించే ఈ.కోలై రకాన్ని, ట్రిప్టోన్ బ్రాత్‌లో 30 డిగ్రీల దగ్గర ఓడీ, అంటే కల్చర్ చిక్కదనం, 0.5 దాకా పెంచి, 2 మైక్రోలీటర్లు అగార్ మధ్యలోకి దించండి, పైన చుక్క పెట్టడం కాదు, అడుగు తగలకుండా లోపలికి. పిపెట్ లేకపోతే టూత్‌పిక్‌తో కాలనీ ముట్టుకుని గుచ్చండి. ఒక్కో స్ట్రెయిన్‌కి కనీసం మూడు ప్లేట్లు. డబ్బాలో తడి దూది పెట్టి, అందులో ప్లేట్లు మూత పైకి ఉండేలా పెట్టి, 30 డిగ్రీలు.

ఇంక్యుబేటర్ గురించి ఒక్కటి. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుంది గానీ చల్లబరచదు. వేసంకాలం మన దగ్గర గది వేడే 30 దాటేస్తుంది, డయల్ 30 మీద పెట్టినా లోపల 36, 37 ఉంటుంది. 37 దగ్గర ఈ.కోలై బాగా పెరుగుతుంది గానీ బాగా ఈదదు, దాంతో ఏ జీనూ తీయని మీ మామూలు రకం, అంటే వైల్డ్ టైప్, కూడా జీన్ చెడిన మ్యూటెంట్ లాగే కనిపిస్తుంది. ఒక మే నెలలో మాకు సరిగ్గా ఇదే జరిగి రెండు వారాలు పోయాయి, లోపల విడిగా థర్మామీటర్ పెట్టి చూసేదాకా తెలీలేదు. చల్లబరిచే బీఓడీయే వాడండి, కరెంట్ పోయిన టైమ్ కూడా నోట్ చేయండి.

8. ఏయే స్ట్రెయిన్లు పెట్టాలి

- వైల్డ్ టైప్. కీమోటాక్సిస్ వాళ్లు ఎక్కువగా వాడేది ఆర్‌పీ437. మీ మ్యూటెంట్ కీయో కలెక్షన్, అంటే ఒక్కో జీన్ తీసేసిన ఈ.కోలై రకాల సెట్, నుంచి వచ్చిందైతే వైల్డ్ టైప్ బీడబ్ల్యు25113 పెట్టాలి, తల్లి ఒకటి పిల్ల ఒకటి పెట్టి పోల్చకూడదు.
- కీ-బి లేనిది
- కీ-ఆర్ గానీ కీ-వై గానీ లేనిది, నేరుగా ఈదే రకం
- అసలు ఈదలేనిది, ఫ్లాజెల్లా లేనిది లేదా మోటార్ తిరగనిది
- కీ-బి లేని దాంట్లోకి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద కీ-బి తిరిగి ఇచ్చినది

క్లోనింగ్ కోసం ల్యాబ్‌లో ఉండే స్ట్రెయిన్లు చాలావరకు సరిగా ఈదవు, ఫ్రిజ్‌లో ఉంది కదా అని వాటిని వైల్డ్ టైప్‌గా పెట్టొద్దు.

ఆక్వా వైపు చదివేవాళ్లు చెరువులోంచి తీసిన విబ్రియోతో చేయొచ్చా అంటారు. ఆసక్తి మంచిదే, కానీ మొదటి ప్రయోగానికి వద్దు. విబ్రియో పారాహీమోలైటికస్‌కి నీళ్లలో ఒక కొసన ఫ్లాజెల్లమ్, గట్టి ఉపరితలం మీద పక్కల నుంచి వేరే ఫ్లాజెల్లాలు, పైగా రోగకారకం. ఈ.కోలైలో పల్టీకి చెప్పిన లెక్క దానికి అలాగే అతకదు.

9. రీడింగ్ తీయడం

5 గంటల నుంచి మొదలుపెట్టి గంటకోసారి, 10 గంటల దాకా. ప్లేట్ కింద నల్ల కాగితం పెట్టి పక్క నుంచి లైట్ పడేలా చూస్తే రింగ్ అంచు తెలుస్తుంది. వ్యాసం రెండు దిక్కుల్లో కొలిచి సగటు రాయండి. రాత్రంతా వదిలేసి పొద్దున్న చూస్తే అన్నీ నిండిపోయి ఉంటాయి, తేడా ఏమీ మిగలదు.

వైల్డ్ టైప్‌కి ట్రిప్టోన్‌లో రెండు రింగులు రావాలి, బయటది సెరీన్ వెంట పోయేవాళ్లది, లోపలిది ఆస్పార్టేట్ వెంట. ఈ రెండు రింగులు రాకపోతే ఆ రోజు ప్లేట్లు ఏవీ లెక్కలోకి తీసుకోవద్దు.

కీ-బి లేనిది చిన్నగా ఉంటుంది. ఇక్కడే పెద్ద గొడవ ఉంది, నేరుగా ఈదేది కూడా చిన్నగానే ఉంటుంది. నేరుగా పోయే కణం అగార్ సందుల్లో ఇరుక్కుని వెనక్కి తిరగలేదు, పల్టీ కొట్టేది ముందుకి పోదు. ప్లేట్ రెండిటికీ ఒకే మాట చెప్తుంది, రసాయనం వెంట పోలేకపోతున్నాయి అని. ఎందుకో తెలియాలంటే మైక్రోస్కోప్ కావాలి. 10 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్ పీహెచ్ 7, 0.1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 10 మిల్లీమోలార్ లాక్టేట్, 1 మైక్రోమోలార్ మెథియోనిన్ ఉన్న బఫర్‌లో కణాలని మెల్లగా, పిపెట్‌తో గట్టిగా కొట్టకుండా కలిపి 40 ఎక్స్‌లో చూడండి. మామూలు ఈ.కోలై దాదాపు ఒక సెకను ఈది, సెకనులో పదో వంతు పల్టీ కొట్టి, మళ్లీ ఈదుతుంది. కీ-బి లేనిది ఉన్నచోటే గిరగిరా కొట్టుకుంటుంది. ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి, గైడ్‌కి చూపించడానికి అదే సాక్ష్యం.

10. తప్పులు, వాటికి మందు

*కీ-బి మ్యూటెంట్ పల్టీ కొట్టకుండా నేరుగా ఈదుతోంది.* నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. జీన్‌లు టార్, టాప్, కీ-ఆర్, కీ-బి, కీ-వై, కీ-జెడ్ అని ఒకే వరసలో, ఒకే ఆపరాన్‌లో, అంటే కణం కలిపి చదివే జీన్ల గుంపులో, ఉంటాయి. కీ-బి మధ్యలో ఏదైనా పెద్ద ముక్క దూరిస్తే కింద ఉన్న కీ-వైకి కూడా నీళ్లు అందవు, పై చేలో గట్టు వేస్తే కింది చేను ఎండినట్టే. కీ-వై లేకపోతే పల్టీయే లేదు. ఫ్రేమ్ చెదరకుండా తీసేసిన డిలీషన్ వాడండి, ప్లాస్మిడ్ మీద కీ-బి ఒక్కటే ఇస్తే మామూలైపోతుందో లేదో చూడండి. కాకపోతే తప్పు కిందుంది.

*ప్లాస్మిడ్ ఇచ్చినా రింగ్ పెరగలేదు.* కీ-బి మరీ ఎక్కువ తయారైతే మిథైల్ అంతా ఊడ్చేస్తుంది, అదీ చెడే. ప్లాస్మిడ్ మీది జీన్‌ని నడిపించే రసాయనం, అంటే ఇండ్యూసర్, తగ్గిస్తూ మూడు నాలుగు మోతాదుల్లో పెట్టి చూడండి.

*మ్యూటెంట్ రింగ్ ఒక పక్కకి తోకలా పొడుచుకొచ్చింది.* ఎక్కువ సేపు ఉంచితే ఈదగలిగే కొత్త మ్యూటెంట్లు పుట్టి అలా పరుగెత్తుతాయి. ఆ ప్లేట్ కొలవొద్దు.

*రింగ్ చిన్నది, కానీ కణం మామూలుగానే ఈదుతోంది.* పెరుగుదలే నెమ్మదిగా ఉందేమో చూడండి. అన్ని స్ట్రెయిన్లనీ ట్రిప్టోన్ బ్రాత్‌లో పెంచి ఓడీ గ్రాఫ్ గీయకుండా రింగ్ సైజు గురించి ఏమీ అనకూడదు.

*ఈరోజు ప్లేట్‌కీ నిన్నటి ప్లేట్‌కీ పొంతన లేదు.* అగార్, పోసిన మందం, ప్లేట్ ఆరిన సమయం, ఈ మూడిట్లో ఒకటి మారి ఉంటుంది. వేర్వేరు రోజుల అంకెలు కలపకండి, ఏ రోజుకారోజు వైల్డ్ టైప్‌తో పోల్చి శాతంగా రాయండి.

11. పారేసే ముందు

ప్రతి ప్లేట్‌కీ స్కేలు పక్కన పెట్టి ఆఖరి ఫోటో తీయండి, మూత మీద రాసిన పేరు కూడా ఫోటోలో పడాలి. తర్వాత ప్లేట్లని ఆటోక్లేవ్ కవర్లో వేసి 121 డిగ్రీలు చేశాకే బయటికి పంపండి. కరిగిన అగార్‌ని సింకులో పోయకండి, పైపులో గడ్డకట్టి కూర్చుంటుంది. కవర్లోనే చల్లారనిచ్చి అలాగే మూట కట్టి పారేయండి.